సంతానం: ఇద్దరు

మొగలిలంక,
9-7-1995

బేబీ,

మీ బావ గెలిచారు. ముందు ఆ మాట రాసేస్తే మిగతాది నింపాదిగా చదువుకుంటావని మొదట్లోనే రాశాను. ఏడు ఓట్ల మెజారిటీ. ఓడిన అప్పాజీ మూడుసార్లు లెక్కపెట్టించాడు, మూడుసార్లూ ఏడే వచ్చాయి.

పదిహేనేళ్ళ కానిస్టేబులు ఉద్యోగం వదిలేసి పంచాయతీ ప్రెసిడెంటుగా నిలబడతానంటే నేను వద్దన్న సంగతి నీకు తెలుసు. వీధిదీపాల కోసం, మురుక్కాలవల కోసం ఎవరైనా గవర్నమెంటు ఉద్యోగం వదులుకుంటారా అన్నాను. "సెల్యూట్ కొట్టి కొట్టి చెయ్యి అరిగిపోయింది మాణిక్యం, ఒక్కసారి కొట్టించుకోనీ" అన్నారు. రాజీనామా ఇచ్చారు గానీ ఖాకీ ప్యాంటు మాత్రం వదల్లేదు. ప్రచారానికీ అదే. ఆయన తలుపు కొట్టే తీరు చూసి సగంమంది వారంటు తెచ్చారనుకున్నారు. అప్పుడే ఊళ్ళో "పోలీసు ప్రెసిడెంటు" అని పేరు పడిపోయింది.

ఒక తమాషా చెప్పనా. నామినేషను ఫారంలో కొత్తగా ఒక గడి పెట్టారు, సంతానం ఎంతమంది అని. ఈ మే నెలాఖరు దాటాక ఎవరికైనా మూడో బిడ్డ పుడితే పోటీకి పనికిరారట, గెలిచినవాళ్ళకి పుడితే పదవి ఊడుతుందట. మీ బావ ఆ గడిలో "ఇద్దరు" అని పెద్దక్షరాలతో రాసి, ఉమనీ గణేష్‌బాబునీ కూడా తీసుకెళ్ళి ఆఫీసరుకి చూపించి వచ్చారు, ఆయన అడక్కపోయినా.

ఊళ్ళో ఎస్టీడీ బూత్ ఒక్కటే. అది అప్పాజీది. మనం ఏం మాట్లాడినా సాయంత్రానికి రచ్చబండ మీద ఉంటుంది. కాబట్టి ఇక ఉత్తరాలే గతి. పొయ్యి మీద పాలున్నాయి, ఉంటాను.

అక్క

*

తుని,
21-7-1995

అక్కా,

నీ ఉత్తరం మీ మరిదికి చదివి వినిపించాను. మామిడి మార్కెట్లో అందరికీ చెప్పుకున్నారట, "మా తోడల్లుడు ప్రెసిడెంటు" అని. గుమస్తా అయినా ఆ రోజు ఈయన నడక చూడాలి, షావుకారు కూడా లేచి దారిచ్చాడట.

మా సంగతి మామూలే. మొన్న ఎనిమిదో పెళ్ళిరోజు. పక్కింటావిడ వచ్చి "ఇంకా ఏమీ లేదా" అంది. ఈ మధ్య ఆవిడ ముగ్గురికి పెళ్ళిళ్ళు కుదిర్చింది కదా, నాకూ ఏదో కుదురుస్తానన్నట్టు అడుగుతుంది. అన్నవరం కొండ మీద వ్రతం చేయించుకుంటానని మళ్ళీ మొక్కుకున్నాను. ఈయన "ఎన్నిసార్లు మొక్కుతావు, స్వామికి విసుగొస్తుంది" అన్నారు. అన్నారు గానీ ఆ మాట అన్నాక వీధిలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డారు.

ఉమకి జడగంటలు కొన్నాను. ఎవరైనా వస్తే పంపిస్తాను.

బేబి

*

మొగలిలంక,
17-10-1995

బేబీ,

ఈ ఉత్తరం మీ బావ చదివాకే అతికిస్తారు. అందుకని తిన్నగా రాస్తున్నాను.

నాకు నాలుగో నెల దాటింది. ఎన్నికల తిరుగుళ్ళలో నెలలు తప్పాయి అనుకున్నానే గానీ ఇదనుకోలేదు. గణేష్‌బాబు పుట్టినప్పుడు రక్తం చాల్లేదని ఆపరేషను వాయిదా వేశారు, ఆ వాయిదా ఇన్నేళ్ళూ సాగింది. ఇప్పుడు తీయిస్తే నా ప్రాణానికి పూచీ లేదని డాక్టరమ్మ అంది. నిజం చెబుతున్నా, ఆ మాట వినగానే లోపల హమ్మయ్య అనుకున్నాను.

మీ బావ రెండు రోజులు అన్నం మానేశారు. మూడోరోజు తిన్నారు, తింటూ ఉపాయం చెప్పారు. అమ్మ లేదు కాబట్టి నీ పురుటికి నేను తుని వస్తున్నానని ఊళ్ళో చెప్పాలి. నీకు నెలలని అక్కడ మీరు చెప్పుకోవాలి. పురుడు మీ ఊళ్ళో, పేరు నీది. అప్పాజీ ఏడు ఓట్లతో ఓడి కాచుక్కూర్చున్నాడు, కాగితం ముక్క దొరికితే చాలు కోర్టుకెక్కుతాడు. "ఆస్పత్రి కాగితం మీద మాణిక్యాంబ అని కనపడకూడదు" అన్నారు. స్టేషన్లో పంచనామా రాయించినట్టు ఒక్కొక్కటీ వేళ్ళు ముడిచి చెప్పారు.

మిగతా మాటలు కాగితం మీద పెట్టొద్దన్నారు. ఆయనే వచ్చి మరిది గారితో మాట్లాడతారు. నీకిష్టం లేకపోతే లేదని చెప్పు. నేనేమీ అనుకోను. కానీ లేదంటే నాకు ఇంకో దారి తెలియదు.

అక్క

*

తుని,
23-10-1995

అక్కా,

రా. ఇంకేం రాయను. పక్కింటావిడకి నిన్ననే చెప్పేశాను, నాకు మూడో నెలని. నెలలు తక్కువ చెప్పావేంటని ఈయన తిట్టారు, ఇప్పుడు లెక్క సర్దుతున్నాం. పొట్ట దగ్గర పాత చీర మడతపెట్టి కట్టుకుని అద్దంలో చూసుకున్నాను. నవ్వొస్తుందనుకున్నాను, రాలేదు.

బేబి

*

మొగలిలంక,
14-4-1996

బేబీ,

ఇల్లు చేరాను. అందరూ "చెల్లెలికి ఏం పుట్టింది" అని అడుగుతున్నారు, ఆడపిల్లంటున్నాను. ఎదురింటి సంపూర్ణమ్మ గారు "నీ పోలికా, దాని పోలికా" అన్నారు. దాని పోలికేనని చెప్పాను.

ఆ నర్సింగ్‌హోములో నర్సు "బేబి గారూ" అని పిలిచినప్పుడల్లా మనిద్దరం ఒకేసారి తల తిప్పేవాళ్ళం, గుర్తుందా. ఇక్కడ కూడా ఎవరైనా గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడుతున్నాను.

పాలు ఆగట్లేదు. మల్లెమొగ్గలు కట్టుకుంటే ఎండిపోతాయని చిన్నప్పుడు అమ్మ ఎవరికో చెప్పగా విన్నాను. రోజూ తవ్వెడు మొగ్గలు కొని, గది తలుపేసుకుని, గుడ్డలో పోసి రవిక లోపల కట్టుకుంటున్నాను. పూలమ్మి "ప్రెసిడెంటమ్మ గారికి షోకులెక్కువయ్యాయి" అంది. అవునన్నాను. సాయంత్రం నాలుగు అయ్యేసరికి పూలు వాడిపోతాయి, రవిక తడిసిపోతుంది. ఆ టైముకే దానికి ఆకలేసేది కదా. ఇప్పుడు ఎన్నింటికి పట్టిస్తున్నావు? డబ్బా పాలు పడ్డాయా?

పేరు హేమశ్రీ అని పెట్టు. మీ బావ వద్దంటున్నారు, ఉమాశ్రీ, హేమశ్రీ అని వరసగా వినపడితే ఎవరైనా పట్టేస్తారట. పట్టేస్తే పట్టేశారు. ఆ ఒక్కటీ నా మాట ఉంచు.

అక్క

*

తుని,
30-5-1996

అక్కా,

నీ జ్వరం తగ్గిందా? అన్నవరం వ్రతానికి బావగారు ఒక్కరే రావడం చూసి నాకు బెంగ పుట్టింది. "మీ అక్కకి నూట రెండు, లేవలేకుండా ఉంది" అన్నారు. నువ్వు లేకుండా కూర్చోబుద్ధి కాలేదు, కానీ ముహూర్తం దాటిపోతుందని కూర్చున్నాం. పురోహితుడు గారు "తల్లి ఒళ్ళో పిల్లని పెట్టుకోండమ్మా" అంటే నేను ఒక్క క్షణం అటూ ఇటూ చూశాను. ఈయన మోచేత్తో పొడిచారు.

హేమశ్రీ అనే పెట్టాం. బావగారు మూతి బిగించారు. వ్రతం అయ్యాక స్వామి ముందే మీ మరిది చేతిలో చెయ్యేసి మాటిచ్చారు. నాకు ఏడుపు ఆగలేదు. ఈ జన్మలో మీ ఇద్దరి రుణం తీర్చుకోలేను. ఉత్తరంలో ఏమీ రాయొద్దన్నారు, అందుకే ఇంతకంటే రాయడం లేదు. నువ్వు మనసు కష్టపెట్టుకోకు.

మూడు గంటలకోసారి పట్టిస్తున్నాను. నాలుగింటికి తప్పకుండా ఏడుస్తుంది.

బేబి

*

మొగలిలంక,
8-6-1996

బేబీ,

నాకు జ్వరమేమీ రాలేదు. వ్రతం ఆషాఢం దాటాక అన్నారు నాతో. ఆ రోజు నేను ఇంట్లో ఆవకాయ కలుపుతున్నాను.

అడిగితే "నువ్వొస్తే ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తావు, కొండ మీద మన ఊరివాళ్ళు పదిమంది ఉంటారు" అన్నారు. అదీ నిజమే. ఏడ్చేదాన్నే. పోనీలే, స్వామి ముందు మాటిచ్చారన్నావు, నాకూ ధైర్యంగా ఉంది. కానిస్టేబులు మాటకి విలువ ఉన్నా లేకపోయినా ఆ కొండ మీద మాటకి ఉంటుంది.

అక్క

*

మొగలిలంక,
2-3-1999

బేబీ,

మొన్న మీ ఇంటి నుంచి వచ్చాక ఉత్తరం రాయలేదని నిష్ఠూరమాడావట గణేష్‌బాబుతో. ఏం రాయను. ఏడాదికి ఒక్కసారి అని మీ బావ రూలు పెట్టారు. ఆ ఒక్కసారికీ బీటు కానిస్టేబులులా నా వెనకే వస్తారు, రెండు గంటలు కాగానే గడియారం చూసుకుంటారు. ఊళ్ళో అప్పాజీ మనిషి ఒకడు బస్టాండులో నన్ను "తుని ఎందుకండీ మాటిమాటికీ" అని అడిగాడు. మాటిమాటికీ అంటే ఏడాదికి ఒకసారి.

పిల్ల జామకాయ పట్టుకొచ్చి "పెద్దమ్మా, తీసుకో" అంది. నేను పలకలేదు. మళ్ళీ అంది. మరిది గారు "వదిన గారికి చెవుడొచ్చిందా ఏంటి" అని నవ్వారు. చెవుడు కాదు. ఆ పిలుపుకి నా నోరు పెగల్లేదు. పిల్ల చిన్నబుచ్చుకుని జామకాయ మీ బావకిచ్చింది. ఆయన తినేశారు.

ఇంకో ఏడాదిన్నర. కళ్ళు మూసుకుని గడిపేస్తాను. గోడ మీద క్యాలెండరు మార్చినప్పుడల్లా పాతది చింపి పారెయ్యను, మంచం కింద పెడుతున్నాను. మూడు ఉన్నాయి.

అక్క

*

తుని,
15-3-1999

అక్కా,

నువ్వు పలకలేదని అది ఆ రోజంతా అడిగింది, "పెద్దమ్మకి నేనంటే కోపమా" అని. కాదు, ఆలోచనలో ఉందని చెప్పాను.

నువ్వన్నట్టు ఇంకో ఏడాదిన్నర ఓపిక పట్టు. బావగారి పదవి అయిపోతే ఎవడికీ భయపడక్కర్లేదు. నీ ఇష్టమొచ్చినప్పుడు వచ్చి నీ ఇష్టమొచ్చినన్నాళ్ళు ఉండొచ్చు. దానికి ఎండాకాలం సెలవులిస్తే అక్కడికే పంపిస్తాను. జూన్‌లో కాన్వెంటులో వేస్తున్నాం. ఫారంలో తల్లి పేరు దగ్గర నా పేరు రాసి, మళ్ళీ ఒకసారి చదువుకున్నాను.

బేబి

*

మొగలిలంక,
20-8-2001

బేబీ,

మీ బావ ఓడిపోయారు. నలభై ఒక్క ఓట్లు. ఎన్నికలు ఏడాది వెనక్కి జరిగితేనే ప్రాణం విసిగింది, ఐదేళ్ళు అన్నవాళ్ళు రెండోసారి నామినేషను వేసినప్పుడు నేను నాలుగు రోజులు మాట్లాడలేదు. "ఈ ఒక్కసారీ" అన్నారు. మళ్ళీ అదే గడి, మళ్ళీ "ఇద్దరు". స్వామి నా మొర విన్నాడు. అప్పాజీ ఇంటి ముందు టపాసులు కాలుస్తుంటే మా ఇంట్లో చావు జరిగినట్టుంది, నేను మాత్రం వంటింట్లోకి వెళ్ళి బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను. ఎవరికీ చెప్పకు.

ఇక పదవీ లేదు, రూలూ లేదు. వచ్చే శుక్రవారం పాసింజరుకి వస్తున్నాను, పిల్లని తీసుకెళ్ళడానికి. కొవ్వూరులో బడికి కనుక్కున్నాను. ఊళ్ళో ఏమైనా అంటే పెంచుకుంటున్నానని చెబుతాను. ఉమ మంచం పక్కన చిన్న మంచం వేయించాను. నువ్వు దానికి నాలుగు రోజులు ముందుగా చెప్పి పెట్టు, ఒక్కసారిగా అయితే బెదురుతుంది. దాని బట్టలు ఎక్కువ సర్దకు, ఇక్కడ కొంటాను.

ఐదేళ్ళు నువ్వు చేసింది నేను ఎన్ని జన్మలెత్తినా మర్చిపోను.

అక్క

*

తుని,
23-8-2001

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తీసుకెళ్ళడం ఏంటి?

ఏ ఐదేళ్ళు? ఎవరు చెప్పారు నీకు? బావగారు మొదటిరోజు మా వీధరుగు మీద కూర్చుని చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మాకు ఇద్దరు చాలు, మీకు లేరు, పిల్ల మీదే. మాణిక్యం కూడా ఒప్పుకుంది, దాన్ని ఈ విషయం కదపొద్దు, ఏడుస్తుంది." అన్నవరంలో స్వామి ముందు చెయ్యేసి చెప్పింది అదే మాట, "ఎప్పటికీ మీదే" అని. నువ్వు ఇచ్చావనుకున్నాను అక్కా. ఐదు నెలలు నా పక్కన పడుకుని ఒక్కరోజు కూడా తిరిగి తీసుకెళతానని అనలేదు నువ్వు.

అది రాత్రి నా చీర కొంగు వేలికి చుట్టుకుంటే గానీ నిద్రపోదు. దానికి ఏం చెప్పను? నిన్ను రావద్దని రాయడానికి నాకు హక్కు లేదు. కానీ శుక్రవారం మేము ఊళ్ళో ఉండటం లేదు. ఎక్కడికి వెళుతున్నామో రాయడం లేదు, క్షమించు.

బేబి

*

మొగలిలంక,
30-8-2001

బేబీ,

తాళం వేసిన తలుపు ముందు రెండు గంటలు కూర్చుని వచ్చాను. మీ పక్కింటావిడ మంచినీళ్ళిచ్చింది.

మీ బావని నిలదీశాను. కాదనలేదు. "స్టేషన్లో రాజీ ఎలా చేస్తామనుకున్నావు? రెండు పార్టీలనీ ఒకచోట కూర్చోబెడితే కొట్టుకుంటాయి. వేరువేరుగా కూర్చోబెట్టి ఎవరికి కావలసింది వాళ్ళకి చెబుతాం. ఇద్దరూ సంతోషంగా ఇంటికి పోతారు. మీరిద్దరూ ఐదేళ్ళు సంతోషంగానే ఉన్నారుగా" అన్నారు. చెప్పి, మీసం దువ్వుకుని, వచ్చే ఎన్నికల గురించి మాట్లాడారు. పిల్లని ఇప్పుడు తెస్తే తప్పుడు కాగితం రాసినందుకు అప్పాజీ తనని లోపల వేయిస్తాడట. తాను పనిచేసిన స్టేషన్లోనే.

ఐదు నెలలు ఎందుకు అనలేదని అడిగావు. నువ్వు పక్కన కూర్చుని ఉన్ని మేజోళ్ళు అల్లుతుంటే, ఒక్కొక్కటీ నా పొట్ట మీద పెట్టి కొలత చూస్తుంటే, ఎలా అనను?

నువ్వు దొంగవి కాదు. తెలుసు. కానీ ప్రస్తుతం నీ పేరు రాస్తే చెయ్యి మండుతోంది. ఇక ఉత్తరాలు వద్దు.

మాణిక్యాంబ

*

తుని,
11-1-2004

అక్కా,

ఇది నాలుగోది. మూడింటికి జవాబు లేదు. దీనికీ ఉండదేమో. అయినా రాస్తున్నాను.

హేమ మూడో తరగతి. లెక్కల్లో ఫస్టు. పైపెదవి మీద పుట్టుమచ్చ వచ్చింది, నీకున్న చోటే. నీ మీద కోపం లేదు, భయం ఉంది. గేటు చప్పుడైతే నువ్వేమోనని భయం. నువ్వు కాకపోతే దిగులు. రెండూ నిజమే అక్కా, నువ్వు నమ్మినా నమ్మకపోయినా.

కింద అది రెండు ముక్కలు రాస్తానంది, రాయనిచ్చాను.

బేబి

పెద్దమ్మకు, నేను బాగా చదువుతున్నాను. నీకు నా మీద కోపం పోయిందా. మా ఇంట్లో జామచెట్టు కాసింది. హేమశ్రీ.

*

మొగలిలంక,
12-7-2006

బేబీ,

నాలుగు ఉత్తరాలూ అందాయి. అన్నీ చదివాను. చివరిదాని కింద ముక్క కత్తిరించి నా దగ్గరే పెట్టుకున్నాను.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు. మా పంచాయతీ ఈసారి ఆడవాళ్ళకి రిజర్వు అయింది. ఐదేళ్ళు వీధివీధీ తిరిగి, ప్రతి చావుకీ పాడె మోసి సిద్ధం చేసుకున్న కుర్చీ ఆయనకి కాకుండా పోయింది. నోటీసు బోర్డు ముందు నిలబడి అది చదువుతుంటే మనిషి ఒక్కసారిగా ముసలాడైపోయాడని సంపూర్ణమ్మ గారు చెప్పారు. ఇంటికి వచ్చేసరికి మామూలైపోయారు. "నువ్వు నిలబడుతున్నావు" అన్నారు. అడగలేదు, చెప్పారు. పోస్టర్లు కూడా వేయించేశారు. అందులో నా ఫొటో చిన్నది, ఆయన ఫొటో పెద్దది.

ఉదయం నుంచీ ఇంట్లో చెప్పుల చప్పుడు. నాకు దండలు. నేను మాట్లాడాల్సిన మాటలు ఆయన రాసిచ్చారు, బట్టీ పట్టమన్నారు. వంటింట్లోకి వెళితే అక్కడికీ వస్తున్నారు మనుషులు. పెరటి గుమ్మం దగ్గర కూడా ఎవరో ఒకరు. నామినేషను ఎల్లుండి.

ఆ గడి నేను రాయాలి బేబీ. ఇన్నాళ్ళూ ఆయన రాశారు, ఆయన సంతకం. నేను కనలేదని నేనెప్పుడూ నా చేత్తో రాయలేదు. ఇప్పుడు రాయమంటున్నారు. "మూడక్షరాలు, దానికింత ఏడుపెందుకు" అంటున్నారు. అప్పాజీ భార్య నిలబడుతోంది అటునుంచి. నేను రాయకపోతే ఆయన బతుకంతా బూడిదే. రాస్తే నాకు ఆ పిల్ల ఎప్పటికీ పుట్టలేదు.

ఏం చేయమంటావు?

అక్క

*

తుని,
15-7-2006

అక్కా,

నీ చేతిరాత చూసి ముందు కవరే గుండెకి ఆనించుకున్నాను. తర్వాత చదివాను.

ఇద్దరని రాసెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను. ముగ్గురని రాస్తే మూడోది ఎవరని అడుగుతారు. పేరు చెప్పాలి, ఊరు చెప్పాలి. పోలీసులు ఆ నర్సింగ్‌హోముకి వెళతారు, మా ఇంటికి వస్తారు. దానికి పదేళ్ళు, అన్నీ తెలిసే వయసు. బళ్ళో అందరూ వేలు పెట్టి చూపిస్తారు. "నిన్ను కని అవతల పారేశారు" అని దాన్ని అంటారు. నీ కడుపుమంట కోసం దాన్ని వీధిలో నిలబెట్టకు.

నువ్వు దాన్ని వెనక్కి అడగడానికే ఇది చేస్తున్నావేమోనని కూడా అనిపించింది. అలా అనుకున్నందుకు నన్ను తిట్టుకో. కానీ అనిపించింది, రాశాను.

బేబి

*

మొగలిలంక,
18-7-2006

బేబీ,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. ఆలస్యమైంది. నామినేషను పద్నాలుగునే వేశాను.

మండలాఫీసుకి మేళంతో తీసుకెళ్ళారు. ఫారం ఆయనే నింపుతానంటే, చదువుకున్నదాన్ని, నలుగురిలో నా చేతే రాయించండి, గౌరవంగా ఉంటుందన్నాను. ఆయనకది నచ్చింది. ఇవతల నిలబడి అందరితో చేతులు కలుపుతున్నారు. ఆ గడిలో "ముగ్గురు" అని రాసి, మడిచి ఇచ్చేశాను. ఎవరూ చూడలేదు.

మర్నాడు స్క్రూటినీలో ఆఫీసరు గారు గట్టిగా చదివారు. "అమ్మా, పొరపాటున రాశారా? ఇద్దరేగా మీకు, ఊరందరికీ తెలుసు" అన్నారు. పొరపాటు కాదన్నాను. "మూడో సంతానం ఎప్పుడు పుట్టింది?" రూలు వచ్చాకే అన్నాను. "పేరేంటి, ఎక్కడుంది?" అన్నారు. అది మీ ఫారంలో లేదు కదండీ, ఎంతమంది అనే అడిగారు, చెప్పాను అన్నాను. ఆయన నా ముఖం చూసి, తిరస్కరించడమైనదని రాసేశారు.

నీ పేరు చెప్పలేదు. ఊరి పేరు చెప్పలేదు. పిల్లో పిల్లాడో కూడా చెప్పలేదు. నువ్వు భయపడినట్టు ఏదీ జరగదు.

అప్పాజీకి నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. మీ బావ కుర్చీలో కూర్చుండిపోయారు. లేవమంటే లేవలేదు, గణేష్‌బాబు రెక్క పట్టుకుని లేపాడు. ఊళ్ళో అప్పుడే రకరకాలుగా అనుకుంటున్నారు, మూడోది ఎవరికి కన్నదో అని కూడా. సంపూర్ణమ్మ గారు ఒక్కరే వచ్చి నా పక్కన కూర్చుని, "ఆ ఏడు మల్లెపూలు అన్ని కొన్నప్పుడే అనుకున్నానమ్మా" అన్నారు. పదేళ్ళు నోరు మెదపలేదు ఆవిడ.

ఇంట్లో ఆయన నాతో మాట్లాడటం లేదు. నిన్న ఒక్క మాట అన్నారు, "ఎందుకు చేశావు" అని. పదకొండేళ్ళుగా మీరు రాసింది సరిదిద్దాను అన్నాను.

అక్క

*

తుని,
24-7-2006

అక్కా,

పేపర్లో వచ్చింది. మెయిన్ పేపర్లోనే చిన్న బాక్సు కట్టి వేశారు, "ముగ్గురు పిల్లలన్న మహిళ, నామినేషన్ తిరస్కరణ" అని. నీ పేరుంది, ఊరి పేరుంది. ఈయన చూడకుండా దాచాలనుకునేలోపే హేమ చదివేసింది. ఈ మధ్య పొద్దున్నే పేపరు దానిదే.

"ఉమక్క, గణేషన్నయ్య ఇద్దరేగా. పెద్దమ్మకి మూడో బిడ్డ ఎవరు?" అంది. నాకు తెలియదన్నాను. అది నన్ను చూసింది. తర్వాత అద్దం ముందుకి వెళ్ళి నిలబడింది. పెదవి మీద మచ్చని వేలితో తడుముకుంది. అప్పటి నుంచీ మళ్ళీ అడగలేదు. అడిగినా బాగుండును. అన్నం తింటోంది, బడికి వెళుతోంది, రాత్రి మాత్రం నా కొంగు పట్టుకోవడం లేదు.

మొన్న అలా రాసినందుకు సిగ్గుపడుతున్నాను. నువ్వు మమ్మల్ని ఎక్కడా బయటపెట్టలేదు. ఇప్పుడు నేనే చెప్పాలి, ఏం చెప్పాలో తెలియడం లేదు. నేను చెబితే నా వైపు లాక్కుని చెబుతాను. నువ్వే రాయి. నువ్వు ఏం రాస్తే అదే, అక్షరం మార్చకుండా చదివి వినిపిస్తాను. నీ దగ్గరికి పంపమని రాసినా సరే.

బేబి

*

మొగలిలంక,
29-7-2006

బేబీ,

ఇది దానికి చదివి వినిపించు.

హేమా, నిన్ను కన్నది నేను. పందొమ్మిది వందల తొంభై ఆరు మార్చిలో, మీ ఊళ్ళో, మీ అమ్మ పేరు చెప్పుకుని కన్నాను. నెల తిరక్కుండా నిన్ను అక్కడ దాచి వెళ్ళిపోయాను. మీ పెదనాన్న గారి పదవి పోతుందని దాచాం. అది తప్పు. నీ తప్పు ఏమీ లేదు. నువ్వు వద్దని ఎవరూ అనుకోలేదు. నీకోసం నాకు పాలు వస్తుంటే ఆపుకోవడానికి నానా యాతనా పడ్డాను, కావాలంటే పూలమ్మిని అడుగు. చిన్నప్పుడు నువ్వు జామకాయ ఇస్తే తీసుకోలేదు. అది కోపం కాదు. ఆ కాయ ఇప్పటికీ నా గొంతులోనే ఉంది.

ఇక్కడిదాకా దానికి. మిగతాది నీకు.

పంపమని రాసినా సరే అన్నావు. ఆ మాట రాయడానికి నీకు ఎంత కష్టమై ఉంటుందో నాకు తెలుసు, నేనూ అదే కష్టం పడ్డాను కాబట్టి. పంపొద్దు. అప్పుడు నీకు ఇచ్చింది మీ బావ. నన్ను అడక్కుండా ఇచ్చారు. నేను ఇవ్వలేదు, దాచుకున్నాను, అందుకే ప్రతి ఏడూ వచ్చి దాచింది ఉందో లేదో చూసుకునేదాన్ని. ఇప్పుడు దాచాల్సిన పని లేదు. ఇప్పుడు నేను ఇస్తున్నాను. మంచం కింద క్యాలెండర్లు నిన్న పొయ్యిలో పెట్టాను. కన్నానని కాగితం మీద ఒక్కచోట రాసుకున్నాను, నాకది చాలు. చాలకపోయినా అంతే.

శుక్రవారం కొవ్వూరులో పాసింజరు ఎక్కుతున్నాను. ఆయన్ని అడగలేదు, చెప్పాను. వెనకాల రావడం లేదు. నాలుగింటికి మీ గేటు చప్పుడైతే భయపడకు, నేనే. తలుపుకి తాళం వేయకు.

నన్ను ఏమని పిలవాలని అది అడుగుతుంది. పెద్దమ్మ అనే పిలవమను. ఈసారి పలుకుతాను.

అక్క